పన్నెండు ప్రసంగాలు, ఒక పద్దు

నా మొదటి పాస్‌పోర్టు అరవై ఆరో ఏట చేతికొచ్చింది. మా ఆయనకి డెబ్బై. రైల్వే పాసుల మీద దేశమంతా తిప్పారు గానీ సముద్రం దాటించింది లేదు. దక్షిణాఫ్రికాలోని ఒక తెలుగు సంఘం వాళ్లు ఒంగోలులో మా చర్చికి కబురు పెట్టారు. ఆరు నెలలుండి ఇళ్లు దర్శించి, పిల్లలకు నాలుగక్షరాలు నేర్పే పెద్దవాళ్లెవరైనా ఉంటే పంపమన్నారు. నేను తెలుగు పంతులమ్మగా రిటైరైనదాన్ని, ఆయన సంఘపెద్ద. అందరూ మావైపే చూశారు. మా అబ్బాయి మాత్రం "ఆ మోకాళ్లతో ఏం సేవ చేస్తావమ్మా?" అన్నాడు.

మోకాళ్ల సంగతి దుబాయిలోనే తేలిపోయింది. విమానం మారడానికి అంత దూరం నడవాలని ఎవరూ చెప్పలేదు. డర్బన్‌లో దిగాక సంచీలు చూసే మనిషి ఆవకాయ సీసా మూత తీసి, వాసన చూసి, రెండు తుమ్ములు తుమ్మి, మళ్లీ తనే మూత బిగించి పొమ్మన్నాడు. ఒంగోలులో వడగాడ్పుల మధ్య బయల్దేరాం. అక్కడ జూన్ అంటే చలికాలం. సముద్రం పక్కనే కాబట్టి శాలువాతో సరిపోయింది.

విమానాశ్రయానికి జూలు రాజు షాకా పేరు పెట్టారు. అక్కణ్నుంచి ఉత్తరానికి వెళ్తుంటే కుడిచేతివైపు హిందూ మహాసముద్రం, ఎడమచేతివైపు చెరుకు. గంట లోపే మేం ఉండబోయే ఊరు వచ్చింది. షాకా రాజధాని అక్కడే ఉండేది, 1828లో ఆయన్ని చంపిందీ అక్కడే. ఇప్పుడు ఊరి పేరు క్వాదుకూజా అని రాస్తారు, నోటితో స్టాంగర్ అనే అంటారు. దుకాణాల బోర్డుల మీద నాయుడు పేరు చివర దీర్ఘం తీస్తుంది. మాకు తారసపడిన తెలుగువాళ్లలో చాలామందికి ఓడ దిగిన ముత్తాత సొంత పేరే ఇంటిపేరైపోయింది. అప్పలస్వామి మనవడు మైకేల్ అప్పల్సామి.

ఆ ఓడల కథ 1860లో మొదలైంది. మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ ఆ నవంబరులో డర్బన్ చేరింది. 1911లో ఆపేలోగా 1,52,000 మందికి పైగా కూలీలు అలా వెళ్లారు. ఐదేళ్ల ఒప్పందం, మొదటి ఏడాది మగవాడికి నెలకు 10 షిల్లింగులు.

మా ఒంగోలువాళ్లకి మిషనరీ అంటే క్లౌ దొరే. 1878లో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి చిన్నపిల్లల్నడిగినా చెబుతారు. పాతికేళ్లు తిరిగేసరికల్లా, 1903లో, తెలుగు బాప్టిస్టులు తమ హోం మిషనరీ సొసైటీ తరఫున జాన్ రంగయ్య గారిని ఈ డర్బన్ ఉన్న నేటాలుకు పంపారు. ఆయన డిసెంబరు 27న కియర్స్‌నీ టీ తోటలో కూలీల మధ్య మొదటి తెలుగు సంఘం కట్టారు. 1915లో పోయేదాకా ఆ పనిలోనే ఉన్నారు. నలభై ఏళ్లు సండే స్కూలు చెప్పిన నాకు ఈ ముక్క తెలియదు. దొరల పేర్లు మాత్రం వరసగా అప్పజెప్పేదాన్ని. సిగ్గుపడాల్సిన విషయమే.

మా ఆయన పన్నెండు ప్రసంగాలు రాసుకొచ్చారు, అచ్చ తెలుగులో. మొదటి ఆదివారం అరగంట మాట్లాడారు. అందరూ ఎంతో మర్యాదగా విన్నారు, ఒక్కరికీ అర్థం కాలేదు. తర్వాత కీర్తన ఎత్తుకుంటే మాత్రం గుడి హోరెత్తింది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న తెలుగు పాట! ఒత్తులు ఎగిరిపోయాయి గానీ రాగం ఎక్కడా తప్పలేదు. మిగతా పదకొండు ప్రసంగాల వెనకవైపు నేను అచ్చులూ హల్లులూ రాసి పిల్లలకు పంచాను. ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత స్క్రూడ్రైవరు పట్టుకుని ముసలివాళ్ల ఇళ్లలో తలుపు గడియలు, కుళాయిలు బాగుచేయడం మొదలుపెట్టారు. ప్రసంగాల కంటే దానికే గిరాకీ ఎక్కువ.

కిటికీలకు ఇనప ఊచలు, గేటుకు రెండు తాళాలు, చీకటిపడ్డాక బయటికి వెళ్లొద్దని హెచ్చరికలు. చెరుకు కొట్టే ముందు తోటకు నిప్పు పెడతారు. ఆ మసి గాలికి కొట్టుకొచ్చి ఆరేసిన చీరల మీద వాలేది. తెల్ల చీరలు నాలుగు పోయాయి. మనవాళ్ల పిల్లలు నన్ను ఆంటీ అనేవారు, జూలు పిల్లలు గోగో అనేవారు, అంటే అవ్వ. నాకు రెండోదే నచ్చింది.

కియర్స్‌నీ చూపించమని పట్టుబట్టి వెళ్లాం. టీ లేదు. కనుచూపు మేరా చెరుకే. దారిలో ఎనభై దాటిన ఒకావిడ ఇంటికి తీసుకెళ్లారు. ఆవిడ ట్రంకుపెట్టెలోంచి దుప్పట్లో చుట్టిన తెలుగు బైబిలు తీసింది. అట్ట లోపల వాళ్ల తాతగారు ఏదో రాశారట. ఇంట్లో ఎవరూ చదవలేరు. ఏదో వాక్యమో ప్రార్థనో అనుకుని ఏళ్ల తరబడి దాన్ని ముట్టుకుని దణ్ణం పెట్టుకుంటున్నారు.

కళ్లద్దాలు తుడుచుకుని చూశాను. పాత తెలుగు అంకెలు. అప్పన్నకిచ్చినది రెండు షిల్లింగులు. ఎండుచేపలు, బియ్యం. కోటయ్య ఇంకా ఇవ్వవలసినది షిల్లింగున్నర. శుక్రవారం ఆడపిల్ల పుట్టినది. కింద సొంత ఊరి పేరు ఉండాల్సిన చోట పురుగు తినేసింది, "తాలూకా" అన్న మాటొక్కటే మిగిలింది.

చెప్పాలా వద్దా అని మా ఆయన మొహం చూశాను. చెప్పెయ్యమన్నారు. చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఆ ఆడపిల్ల తన తల్లే అయి ఉంటుందంది. ఇంకాసేపటికి కళ్లు తుడుచుకుని, కోటయ్య మనవలు ఎక్కడున్నారో కనుక్కోమని కొడుకుని కేకేసింది.

ఆ కబురు పాకింది. వారం తిరిగేసరికి మా గదికి పుస్తకాలు, కార్డులు, రసీదులు వచ్చి పడ్డాయి. రోజుకు రెండు మూడు చదువుతూ వచ్చాను. ఆరు నెలలు నిండాయి, వీసా గడువు అయిపోయింది. చదవనివి పందొమ్మిది కట్టలు ఆ చర్చి బీరువాలో ఉన్నాయి. పాత చేతిరాత చదవగలిగి, ఆరు నెలలు తీరిక ఉన్న పెద్దవాళ్లెవరైనా ఉంటే వెళ్లండి. ప్రసంగాలు అక్కర్లేదు, కళ్లద్దాలు మాత్రం రెండు జతలు పట్టుకెళ్లండి.