సొరపాదు నీడ

పరీక్ష తప్పిన విద్యార్థికి మరల పరీక్ష వ్రాసే అవకాశమున్నది. మాట తప్పినవానికి ఏమున్నది? ఈ ప్రశ్న మమ్ములను చాలాకాలము వేధించినది. దానిని గురించి నాలుగు మాటలు విన్నవించుకొనుటకు మన కళాశాల పత్రికకంటె తగిన తావు కనిపించలేదు.

డిగ్రీ రెండవ సంవత్సరములో ఉండగా, మా పేట మసీదు ప్రక్క గదిలో సాయంకాలము పిల్లలకు తెలుగు, లెక్కలు చెప్పుదుమని పెద్దలకు మాట ఇచ్చినాము. ఇంట ఉర్దూ, బడిలో తెలుగు అయిన పిల్లలు వారు. ఒత్తక్షరములు వారికి కొరకరాని కొయ్యలు. మూడు నెలలు గడిచినను 'క్ష' వ్రాయుట రాలేదు. మాకు విసుగు పుట్టినది. ఒకనాడు పలకను నేలకు విసరి, ఎవరికిని చెప్పకుండ వెళ్ళిపోయినాము. పరీక్షలు దగ్గరపడినవని ఇంటిలో చెప్పిన కారణము అబద్ధము. ఆ పిల్లలలో ఒకడు ఆ వేసవిలోనే బడి మాని పంక్చరు దుకాణములో చేరినాడని తరువాత తెలిసినది. మేము మానుటవల్లనే వాడు మానినాడని చెప్పలేము. కాదని చెప్పుటకును నోరు రాదు.

నాటినుండి నమాజుకు నిలుచుటకు సిగ్గుపడినాము. ఒక తప్పును దాచుకొనుటకై దేవునికే దూరమగుట రెండవ తప్పని అప్పుడు తోచలేదు. మా నానీగారు గ్రహించినారు. "ఏమి బేటా, అల్లా నీమీద అలిగినాడా, నీవే అల్లామీద అలిగినావా?" అని అడిగినారు. ఆ దక్కనీ మాటలోని రుచిని తెలుగులోనికి తేలేకున్నాము. ఆ రాత్రి ఆమె హజ్రత్ యూనుస్ అలైహిస్సలాం కథ చెప్పినారు.

కథ అందరు ఎరిగినదే. క్రైస్తవ సోదరులు ఆయనను యోనా అందురు. తన జనము మాట వినలేదన్న కోపముతో, ప్రభువు అనుమతి రాకమునుపే ఆయన వారిని విడిచి వెళ్ళినారు, ఓడ ఎక్కినారు, చీట్లలో ఓడి సముద్రము పాలైనారు, చేప మ్రింగినది. ఆ చీకటిలో దోషము తనదేనని ఒప్పుకొని మొరపెట్టుకొన్నారు. చిన్ననాట మేము చేప దగ్గరనే ఆగిపోయెడివారము. అది ఎంత పెద్దదన్నదే మా చింత. నానీగారు అక్కడ ఆగలేదు. మరునాడు దివ్య ఖురానులోని 37వ సూరాను అనువాదముతో చదివి చూచినాము. ఒడ్డునపడిన ఆయన అస్వస్థులై ఉన్నారు. ఆయనపై ప్రభువు ఒక తీగమొక్కను మొలిపించినాడు. అది సొరపాదని వ్యాఖ్యాతలు పలువురు చెప్పుదురు. నిలదీయుట లేదు, సంజాయిషీ అడుగుట లేదు, మొదట నీడ! ఆ పిమ్మటనే లక్షమంది వద్దకు, అంతకు మించినవారి వద్దకు పంపినాడు. విడిచి వచ్చిన ఆ జనము వద్దకే అని పలువురి అభిప్రాయము. ప్రవక్తల పొరపాటును మన పొరపాటుతో సరితూచుట అపచారమే. కాని ఆ నీడ ఆయన ఒక్కరికే అని ఎవరన్నారు? పని వదలినది మేము. ఆయన మమ్ము వదలినట్లు ఆ పుటలలో ఎక్కడను కనిపించలేదు. ఆ పూట నమాజుకు నిలిచినాము.

సోమవారము గది తలుపు తీసినాము. నలుగురే వచ్చినారు. ఒక చిన్నది పగిలిన పలక తెచ్చి చూపి నవ్వినది. దుకాణములో చేరిన పిల్లవాడు రాలేదు. అందువలన ప్రతి శుక్రవారము నమాజు తరువాత మేమే అక్కడికి పోవుచున్నాము. యజమాని అరగంట సెలవిచ్చుటకు ఒప్పుకొన్నాడు. గాలిపంపు ప్రక్కన కూర్చుండి వ్రాయించుచున్నాము. వాని చేతి గ్రీజుతో పుస్తకము నల్లబడుచున్నది. 'క్ష' ఇంకను రాలేదు.