పసివాని లంగోటి, పెద్దవారి తొందర

కళాశాల వార్షిక సంచికలో లంగోటిని గురించి వ్రాయుట తగునా అని పాఠక మిత్రులలో కొందరు నవ్వుకొనవచ్చును. సామ్రాజ్యాల పతనాన్ని గురించి, ఉపగ్రహాలను గురించి వ్యాసాలు ఏటేటా వచ్చుచునే ఉన్నవి. కాని ఈ పుటలు తిరగవేసే ప్రతి ఒక్కరూ ఒకనాడు నేర్చి మరచిపోయిన విద్య ఇది. గత సంవత్సరం మా ఇంట ఆ విద్యాభ్యాసం జరుగగా దగ్గరుండి చూచినాము గనుక నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాము.

మా అక్క కుమారునికి అప్పటికి 22 నెలలు. అక్క ఉద్యోగస్థురాలు, ఉదయం 8 గంటలకు బస్సెక్కితే దీపాలు పెట్టే వేళకు గాని ఇల్లు చేరదు. పిల్లవాడు పగలూ రాత్రీ డైపరులోనే పెరిగినాడు. వానికీ కొన్ని నియమాలు ఏర్పడినవి. రెంటికి వచ్చినప్పుడల్లా బీరువా వెనుకకు పోయి, దాని అంచు పట్టుకొని, ముఖం ఎర్రబడగా నిలుచుండేవాడు. ఎవరైనా తొంగిచూస్తే "పో!" అనేవాడు. పని ముగిసిన పిమ్మట ఏమీ ఎరుగనట్లు వచ్చి ఆటబొమ్మలు పట్టుకొనేవాడు.

పల్లె నుండి వచ్చిన అమ్మమ్మ ఇది చూచి ముక్కున వేలు వేసుకొన్నది. "మీ అమ్మకు ఏడాది నిండేసరికే గుడ్డ అవసరం తీరిపోయిందే. వీడికి ఇంకా ఈ సంచీ ఏమిటే అమ్మాయీ?"

"అప్పుడు ఇంటినిండా మనుషులు అమ్మమ్మా. ఇక్కడ పగలంతా వీడి ముఖం చూస్తూ కూర్చునేది ఎవరు చెప్పు?" అని అక్క జవాబు.

అమ్మమ్మ పద్ధతి మనలో అనేకులు ఎరిగినదే. కాళ్లు చాచి కూర్చుండి, పాదాల నడుమ శిశువును నిలిపి, నిద్ర లేవగానే, పాలు త్రాగగానే "ఉస్స్" మని శబ్దం చేయుట. తూర్పు ఆఫ్రికాలోని డిగో జాతి తల్లులు పుట్టిన కొద్ది వారాలకే ఇటువంటి అభ్యాసం మొదలిడుదురనీ, ఐదారు నెలలకే శిశువులు పొడిగా ఉండుట కలదనీ 1977లో ప్రచురితమైన ఒక పరిశోధన తెలుపుచున్నది. కనుక అమ్మమ్మ గొప్పలు చెప్పలేదు. అయితే ఈ పద్ధతిలో మొదట నేర్చుకొనేది పెద్దవారే. శిశువు మూలుగు, కదలిక కనిపెట్టే మనిషి రోజంతా చెంత ఉండవలెను. అక్క ఇంట డైపరు భర్తీ చేసినది ఆ మనిషి స్థానాన్నే అని మాకు తోచినది.

అమెరికాలో 1961లో పాంపర్స్ డైపర్లు విపణికి వచ్చినవి. ఆ మరుసటి ఏడే బ్రేజల్టన్ అనే శిశువైద్యుడు 1,170 మంది పిల్లలను పరిశీలించి, శిశువు సిద్ధపడేవరకు వేచియుండవలెనని వ్రాసినాడు. అతని లెక్కలో పగటి అలవాటు సగటున 28 నెలల తరువాతనే కుదిరినది. తడిసిన గుడ్డ చల్లగా తగిలి "ఇది నీ పనే" అని శిశువుకు వెంటనే చెప్పేది. నేటి డైపరు తడిని క్షణంలో లోనికి పీల్చివేయును. ఆ పాఠం వానికి అందదు.

ఇంతలో మా వీథిలోని ఒక శిశు పాఠశాలవారు, డైపరు మానిన పిల్లలనే జూన్‌లో చేర్చుకొందుమని చెప్పిరి. రెండున్నర నెలల గడువు! అక్క గడియారం చూచి గంటకొకసారి వానిని పాటీపై కూర్చుండబెట్టసాగినది. వాడు కట్టెవలె బిగుసుకొనేవాడు. పిమ్మట మలబద్ధం పట్టి నాలుగు రోజులు విరేచనమే కాలేదు. వాని ఏడ్పు వినలేక ఇంట అన్నం సహించలేదు. బిగబట్టిన మలం గట్టిపడును, గట్టిపడినది బాధించును, బాధకు భయపడి శిశువు మరింత బిగబట్టును. వైద్యుడు మలం మెత్తబడుటకు మందిచ్చి, "పాటీ సంగతి కొంతకాలం ఎత్తవద్దు, డైపరే వేయండి" అని అక్కతో గట్టిగా చెప్పినాడు. శిశు పాఠశాలలో స్థానం పోయినది. అక్క ఆ రాత్రి కంటతడి పెట్టినది.

పిల్లవాడు సిద్ధపడినాడని తెలిపే గుర్తులు కొన్ని ఆ వైద్యుడే వివరించినాడు. రెండు గంటలపాటు పొడిగా ఉండుట, చిన్న చిన్న మాటలు విని చేయుట, లాగు తానే క్రిందికి లాగుకొనుట, తడిసిన దానిని విప్పుమని పేచీ పెట్టుట. రానున్న దానిని ముందే ఎరిగి చాటుకు పోవుట కూడా వానిలో ఒకటి! మేము అంతవరకు వేడుకగా చూచిన బీరువా చాటు వ్యవహారానికి అంత అర్థం కలదు.

ఆ మాట అందుకొన్నది అమ్మమ్మ. మాట్లాడక పాటీని తీసికొనిపోయి బీరువా వెనుక పెట్టినది. మూడు వారాలు వాడు దానిమీద బొమ్మ ఏనుగును కూర్చుండబెట్టినాడు. తరువాత లాగుతోనే తాను కూర్చున్నాడు. పాదాలు నేలకు ఆనుటవలన కాబోలు, కూర్చుంటే లేచేవాడు కాదు. 28వ నెలలో ఒక మధ్యాహ్నం అమ్మమ్మను కేక వేసి పిలిచినాడు. ఆమె చూచి, "అయిందిరా నాయనా" అని నీళ్లచెంబు తెచ్చినది. పొగడ్తలు గాని, మిఠాయిలు గాని లేవు.

ప్రస్తుతం వాడు వేరొక బడికి పోవుచున్నాడు. సంచీలో మారు లాగులు రెండు పెట్టి పంపుచున్నాము. రాత్రులలో పొడిగా ఉండుటకు మరింత కాలం పట్టునట. ఐదేండ్లలోపు పక్క తడుపుటను వైద్యులు వ్యాధిగా పరిగణింపరు. అక్క పరుపుపై రబ్బరు గుడ్డ పరచుచునే ఉన్నది.