గోత్రం అడిగితే

ఉస్మానియా హాస్టల్లో చేరిన మొదటి ఏడు దసరాకు మేము ఊరికి పోలేదు. ఛార్జీల డబ్బులు దీపావళి దండారికి దాచుకున్నాం. మూలా నక్షత్రం నాడు ముగ్గురం తార్నాకలో బస్సెక్కి నల్లకుంటలో దిగాం. అక్కడి శంకరమఠంలో శారదాంబకు నవరాత్రులు బాగా చేస్తారని, ఆ రోజు సరస్వతీ పూజ అని క్లాసులో స్నేహితులు చెప్పారు.

ఎక్కడ చూసినా లైన్లే. తల్లుల చంకల్లో పిల్లలు, చేతుల్లో కొత్త పలకలు. పళ్ళెంలో బియ్యం పోసి, తండ్రి ఒళ్ళో కూర్చున్న పిల్ల వేలు పట్టి అక్షరాలు దిద్దించడం మొదటిసారి చూశాం. అంతదాకా ఏడ్చిన పిల్ల బియ్యంలో వేలు పెట్టగానే నవ్వింది. మాకూ నవ్వొచ్చింది.

తిరిగి వస్తూ మరో వీధిలో ఒక చిన్న గుడిలో అర్చన టికెట్టు తీసుకున్నాం. పూజారి "గోత్రం?" అని అడిగాడు. ముఖాలు చూసుకున్నాం. మాలో మెస్రం ఇంటివాడు "మాది ఏడు దేవుళ్ళ సగ" అన్నాడు. ఆయనకు అర్థం కాలేదు. "తెలియకపోతే కాశ్యప అనండి నాయనా, ఫర్వాలేదు" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. మేమూ తలూపాం. ఆ తలూపడమే రాత్రి నిద్ర పట్టనీయలేదు.

మాకు తెలియక కాదు కదా! గోండుల్లో నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ళ సగలున్నాయి. ఒకే సగలో పెళ్ళి చేసుకోం. కేస్లాపూర్‌లో మెస్రం వాళ్ళు కాలినడకన గోదావరి నీళ్ళు తెచ్చి పుష్య అమావాస్య నాడు నాగోబాను కొలుస్తారు. కొత్త కోడళ్ళను దేవుడికి చూపించి వంశంలో కలుపుకుంటారు. అక్కడ ఇంటిపేరు చెబితే చాలు, పెద్దలు వరుస చెప్పేస్తారు.

ఇంకో మాట కూడా గుచ్చుకుంది. మేము బడిలో దిద్దిన మొదటి అక్షరం మా గోండి మాటది కాదు. నార్నూరు మండలం గుంజాలలో పాత రాతప్రతుల్లో బయటపడిన లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. లిపి ఉంది, దిద్దించే చెయ్యే కావాలి.

దండారికి పోతూ ఒక పలక కొన్నాం. అక్క కొడుకును ఒళ్ళో కూర్చోబెట్టుకొని, చాటలో జొన్నలు పోసి, వాడి పేరు గుంజాల లిపిలో దిద్దించాం. మాకూ సరిగా రాదు, చార్టు చూసే రాశాం.

మరుసటి ఏడు అదే గుడిలో మళ్ళీ గోత్రం అడిగారు. "ఏడు దేవుళ్ళ సగ" అనే చెప్పాం. "అంటే ఏమిటి నాయనా?" అన్నాడాయన. అక్కడే నిలబడి చెప్పాం.