నోరు తెరిచి చదవమన్నాను

సంక్రాంతి సెలవుల తర్వాత మూడో తరగతిలో రీడింగ్ పెట్టాను. ఎప్పుడూ అందరికంటే ముందు చెయ్యెత్తే ఒక బాబు, ఆ రోజు పుస్తకం మూతికి అడ్డం పెట్టుకుని గొణుగుతున్నాడు. "నోరు పెద్దగా తెరిచి చదువు నాన్నా" అన్నాను. వినలేదు. రెండో రోజూ అంతే. సెలవుల్లో పుస్తకం ముట్టుకోలేదని నాకు నేనే తేల్చేసుకుని, మూడో రోజు డైరీలో ఎర్ర ఇంకుతో 'రీడింగ్ ప్రాక్టీస్ నీడెడ్' అని రాసి పంపాను.

మర్నాడు వాళ్ల నానమ్మ వచ్చింది. బాబు నాన్నగారు గల్ఫ్‌లో ఉంటారు. అమ్మ ఇంట్లో బీడీలు చుడుతుంది. మాక్లూర్ చుట్టుపక్కల ఇలాంటి ఇళ్లు ఎన్నో. డైరీలో ఏం రాశానో ఆమెకు తెలియదు, ఎర్ర అక్షరాలు చూసి వచ్చింది. "పోరనికి పెదవులు వలిగినయి మేడం. నోరు దెరిస్తే నెత్తురొస్తుంది. గట్టిగెట్ల సదువుతడు?" అంది.

బాబును దగ్గరికి పిలిచి చూశాను. కింది పెదవి మధ్యలో నిలువునా చీలిక. మూతి చుట్టూ స్కెచ్ పెన్‌తో గీసినట్టు ఎర్రటి పట్టీ. మూడు రోజులుగా ఆ ముఖం నా ఎదురుగానే ఉంది. ప, బ, మ పలకాలంటే రెండు పెదవులూ కలిసి విడిపోవాలి, ఇంగ్లిష్‌లోనైనా తెలుగులోనైనా. బీఈడీలో ఈ శబ్దాలకు బొమ్మలు గీసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. పగిలిన పెదవితో అవి పలికితే ఎంత మంటో ఏ పేపర్లోనూ అడగలేదు.

నానమ్మను అడిగే ఇది రాస్తున్నాను. "రాయి బిడ్డా, ఇంకో పోరనికి పనికొస్తది" అంది.

సెలవుల్లో బాబు బోధన్ దగ్గర అమ్మమ్మ ఊరికి వెళ్లాడు. అక్కడ 1937లో మొదలైన నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడింది కానీ, పిల్లల నోటికి చెరుకు అందడం మాత్రం ఆగలేదు. గడను పళ్లతో చీరేటప్పుడు తొక్క కోసుకుని పెదవి మీద సన్నటి గాయాలు అవుతాయి. పైన చలి, పొడిగాలి. మిగతా చర్మానికి చెమట, నూనె గ్రంథులు కాపలా ఉంటాయి. పెదవులకు చెమట గ్రంథులు లేవు, నూనె గ్రంథులూ దాదాపు లేనట్టే. పై పొర కూడా బాగా పలుచన. అందుకే ముందు ఎండిపోయేది అవే.

ఎండగానే పిల్లలు నాలుకతో తడుపుకుంటారు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. ఉమ్మి ఆరిపోతూ పెదవిలో ఉన్న కాస్త తేమనూ లాక్కుపోతుంది. పైగా ఉమ్మి ఉన్నది అన్నం అరగడానికి, అందులోని రసాలు పలుచటి చర్మాన్ని మండిస్తాయి. మండితే మళ్లీ నాకుతారు. మూతి చుట్టూ ఆ ఎర్ర పట్టీ నాలుక అందినంత మేరకే ఉండటం అందుకే.

"దినాం నెయ్యి రాస్తున్న, బొడ్డుల నూనె గూడ పెడుతున్న, తక్కువైతలేదు" అంది నానమ్మ. బొడ్డులో నూనె సంగతి వదిలేద్దాం, మా అమ్మ కూడా నాకు పెట్టేది. నెయ్యిలో తప్పు లేదు. కానీ నెయ్యి రుచిగా ఉంటుంది, బాబు రాసిన రెండు నిమిషాల్లో నాకేస్తున్నాడు. నాన్న గల్ఫ్ నుంచి పంపిన స్ట్రాబెర్రీ లిప్ బామ్ అయితే సగం కడుపులోకే పోయింది. ప్రేమతో పంపిన వస్తువు గురించి ఇలా చెప్పడం నాకూ ఇబ్బందిగానే అనిపించింది.

రుచీ వాసనా లేని మామూలు పెట్రోలియం జెల్లీ దీనికి సరిపోతుంది. 1859లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో, చమురు బావుల పంపులకు పట్టే జిడ్డును కూలీలు గాయాలకు రాసుకోవడం రాబర్ట్ చెస్‌బ్రో అనే కుర్ర కెమిస్టు చూశాడు. దాన్ని శుద్ధి చేసి 1872లో వాసెలిన్‌గా పేటెంట్ తీసుకున్నాడు. అది కొత్తగా తేమ ఇవ్వదు, ఉన్నదాన్ని పోనివ్వదు. కాబట్టి ముఖం కడిగి తుడిచాక, పెదవి ఇంకా కాస్త తడిగా ఉన్నప్పుడే రాయాలి. పడుకునే ముందు కొంచెం మందంగా. కర్పూరం, మెంథాల్ ఉన్నవి చల్లగా అనిపిస్తాయి గానీ పగిలిన చోట మండుతాయి. ఫోన్ వీడియోల్లో చూపించే చక్కెర, తేనె స్క్రబ్ పగిలిన పెదవి మీద అసలు వద్దు. లేచిన పొరను గిల్లినా పుండు పెద్దదే అవుతుంది.

మూలలు చీలి మానకపోతే అది వేరే సంగతి కావచ్చు. ఫంగస్ వల్లా, ఐరన్, బి విటమిన్ల లోపం వల్లా అలా అవుతుంది. రెండు మూడు వారాలైనా తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. ముక్కు దిబ్బడతో రాత్రంతా నోటితో గాలి పీల్చే పిల్లలకు ముందు ఆ జలుబు తగ్గాలి.

నేను ఊహించని అడ్డంకి ఒకటి వచ్చింది. జెల్లీ రాసుకుని వచ్చిన మొదటి రోజే వెనక బెంచీ నుంచి "లిప్‌స్టిక్ ఏసుకున్నవారా?" అని నవ్వులు. బాబు అరచేత్తో తుడిచేశాడు. మర్నాడు నా డబ్బీ తెచ్చి క్లాసు ముందే రాసుకున్నాను. నేను రాసుకుంటే ఎవరికీ వింత కాదు కదా, అందుకని మీసాలున్న మా పీఈటీ సార్‌ను పిలిచాను. ఆయనా తన డబ్బీ తీసి రాసుకుని, విజిల్ ఊది వెళ్లిపోయారు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

చలికాలమంతా బ్యాగులో చిన్న డబ్బీ పెట్టి, మూత మీద పేరు రాసి పంపండి. ఒకరిది ఒకరు వాడకుండా మేం చూసుకుంటాం. మగపిల్లలకు కూడా పంపండి.

డైరీలో ఆ ఎర్ర అక్షరాల కింద ఈసారి తెలుగులో రాశాను, 'తప్పు నాది' అని. పది రోజులకు చీలిక పూడింది. రీడింగ్‌లో బాబు మళ్లీ ముందే చెయ్యెత్తి, పేజీలో సగం గడగడా చదివి ఆగాడు. పెదవి నొప్పేమోనని దగ్గరికి వెళ్లాను. అదేం కాదు, 'థ్రూ' దగ్గర స్పెల్లింగ్ చూసి బిత్తరపోయాడు.