మెల్‌బోర్న్‌లో ఒక చిన్న గుర్తు

మెల్‌బోర్న్ నగరం చూడాలంటే పెద్ద వీధుల్లో తిరిగితే చాలదు. పెద్ద వీధుల్లో ఏమున్నాయి? బ్యాంకులు, బట్టల కొట్లు, గంట కొట్టుకొంటూ పోయే ట్రాములు. ఆ వీధుల వెనక సన్నని సందులున్నాయి. ఒకప్పుడు సరుకు బళ్ళు పోవడానికి వేసిన సందులవి. ఇప్పుడు వాటిల్లో కాఫీ హోటళ్ళు, గోడల నిండా రంగు బొమ్మలు, రాత్రయితే నేలమాళిగల్లో జాజ్ సంగీతం.

జాజ్ అమెరికాలోని నల్లజాతివారి సంగీతం. ఒక వరస అనుకొని, దానిమీద ఒక్కొక్కరే అప్పటికప్పుడు కల్పించి వాయిస్తారు. మన కచేరీలో కల్పనస్వరాలు గుర్తు తెచ్చుకోండి, సగం అర్థమైపోతుంది. 1928లో సన్నీ క్లే బృందం అమెరికా నుంచి ఈ దేశానికి వచ్చింది. నల్లవాళ్ళ బసలో తెల్ల అమ్మాయిలున్నారని మెల్‌బోర్న్ పోలీసులు దాడి చేశారు, పత్రికలు కేకలు వేశాయి, బృందాన్ని దేశం నుంచి వెళ్ళగొట్టారు. ఆ మచ్చ చాలాకాలం మాసిపోలేదు. ఈ ఊళ్ళోనే 1946 డిసెంబరులో ఆస్ట్రేలియా జాజ్ వాద్యకారులు తమ మొదటి సమ్మేళనం జరుపుకొన్నారు. మరుసటి ఏడు ఇక్కడి గ్రేమ్ బెల్ తన బృందంతో చెకొస్లొవేకియా దాకా వెళ్ళి వాయించి వచ్చాడు.

మా మేనల్లుడు ఇక్కడ కాపురముంటున్నాడు. వాడి పక్కింటాయన డబుల్ బాస్ వాయిస్తాడు. మనిషెత్తు ఫిడేలు లాంటి వాద్యం అది. "మామయ్యా, ఇవాళ ఆయన కచేరీ ఉంది, వస్తావా?" అన్నాడు మావాడు. పందొమ్మిదో నంబరు ట్రామెక్కి సిడ్నీ రోడ్డు మీదుగా బ్రన్స్‌విక్ పేటకి వెళ్ళాం. చిన్న హాలు, నలభై మంది జనం. కచేరీ బాగుంది. కాని నేను చెప్పబోయేది కచేరీ అయిన తరవాతి సంగతి.

వాద్యాలు పెట్టెల్లో సర్దేసి అందరూ ఒక బల్ల చుట్టూ చేరారు. శాక్సఫోన్ వాయించే నడివయసావిడ, పియానో ఆయన, డ్రమ్ముల కుర్రాడు, మా పక్కింటాయన, ఇంకా ఒక ముసలాయన. ముసలాయన పూర్వం పత్రికలకి జాజ్ సమీక్షలు రాసేవాడట. ఆవిడ కట్టిన కొత్త వరస పేరు "మేట్స్ రేట్స్". తెల్లవారితే రికార్డు అట్ట అచ్చుకి వెళ్ళాలి. ఆ పేరులో అపాస్ట్రఫీ ఎక్కడ పెట్టాలి? ఇదీ తగాదా!

మేట్ అంటే ఆస్ట్రేలియాలో స్నేహితుడు. అన్నా, బావా, గురూ అన్నీ ఆ ఒక్క మాటే. మేట్స్ రేట్స్ అంటే స్నేహితులకి ఇచ్చే చవక ధర. అపాస్ట్రఫీ ఎస్ అక్షరానికి ముందు పెడితే ఒక్క స్నేహితుడికి. వెనక పెడితే స్నేహితులందరికీ. అసలు పెట్టకపోతే ఎవరికో తేలదు.

"పెట్టవద్దు" అన్నాడు పియానో ఆయన. "మన దేశంలో ఊళ్ళ పేర్లకే లేదు. సిడ్నీలో కింగ్స్ క్రాస్ చూడండి. 1905లో రాజుగారి పేరు పెట్టారు, రాజుగారికే ఆ గుర్తు దక్కలేదు." అది నిజమే. సర్కారు పటాల్లో ఆ గుర్తు కనబడదు. 1992 నుంచి 2015 దాకా ఈ ఊళ్ళో పేరు మోసిన బెన్నెట్స్ లేన్ అనే జాజ్ క్లబ్బు కూడా తన సందు పేరును ఆ గుర్తు లేకుండానే పెట్టుకొంది. అయితే 2016లో తెరిచిన బర్డ్స్ బేస్‌మెంట్ ఆ గుర్తుతోనే బోర్డు కట్టింది. అక్కడి బర్డ్ ఒక్కడే మరి, శాక్సఫోన్ విద్వాంసుడు చార్లీ పార్కర్. పిట్ట అని ఆయన ముద్దు పేరు.

డ్రమ్ముల కుర్రాడు ఒప్పుకోలేదు. 1956లో మైల్స్ డేవిస్ చేసిన రికార్డులు చూడమన్నాడు. కుకిన్, రిలాక్సిన్, వర్కిన్, స్టీమిన్. నాలుగు పేర్లలోనూ చివరి అక్షరం మింగేశారు, మింగినచోట అపాస్ట్రఫీ పెట్టారు. "నోట్లోంచి పోయిన అక్షరానికి కాగితం మీద మిగిలిన జ్ఞాపకం అది" అన్నాడు.

అక్షరాలు మింగడంలో ఆస్ట్రేలియావాళ్ళని మించినవాళ్ళు లేరు. మధ్యాహ్నాన్ని ఆర్వో అంటారు. ఉదయపు ఫలహారం బ్రెకీ. పెట్రోలు బంకు సర్వో. గుడ్ డే అనడానికి కూడా ఓపిక లేక గ్‌డే అని ఊరుకొంటారు. సంగీత విద్వాంసుణ్ణి మ్యూజో అంటారు. ఆ మాట మీద ఇంకో చర్చ లేచింది. ముద్దు మాటే కదా అని మా పక్కింటాయన. "డాక్టరుని ఎవరూ అలా కుదించి పిలిచి, సగం ఫీజు ఇవ్వరు" అని శాక్సఫోన్ ఆవిడ. అంతా నవ్వారు గాని, ఆవిడ నవ్వలేదు.

"మీ భాషలో ఇలాంటి గుర్తు ఉందా?" అని నన్నడిగారు. ఉండేదన్నాను. అరసున్న సంగతి చెప్పాను. ఏఁడు అంటే సంవత్సరం, ఏడు అంటే అంకె. పండితులు అరసున్న కోసం ఎంతో పట్టుబట్టారు. చివరికి అది వాడుకలోంచి జారిపోయింది, సంవత్సరాలు మాత్రం ఆగలేదు. పియానో ఆయన బల్ల చరిచాడు, చూశారా అని. ఆవిడ మటుకు, "మీకు గుర్తు పోతే నష్టం లేదు. నాకు డబ్బు పోతుంది" అంది.

అప్పుడు తెలిసింది అసలు బాధ. ఆ వారమే ఒక పరిచయస్థులు పెళ్ళికి నాలుగు గంటలు వాయించమన్నారట, మేట్స్ రేట్స్‌కి. భోజనం పెడతామన్నారట. పువ్వులవాడికి పూర్తి ధర, వంటవాడికి పూర్తి ధర, సంగీతానికి మాత్రం స్నేహం! మా పక్కింటాయన అడిగినవాళ్ళందరికీ ఆ ధరకే వాయించి, అద్దె కోసం పగలు పిల్లలకి పాఠాలు చెప్పుకొంటున్నాడు.

అంతవరకూ ఊరుకొన్న ముసలాయన నోరు విప్పాడు. "మేమూ ఇచ్చేవాళ్ళం ఆ ధరలు" అన్నాడు. చిన్న ఊరు, అందరూ తెలిసినవాళ్ళే. రాత్రి ఎవరితో కలిసి తాగాడో పొద్దున్న వాళ్ళ సంగీతం గురించే రాయాలి. ఒక ముక్క ఎక్కువ మెచ్చుకొంటే పోయేదేముంది? అదీ చవక ధరే. మెచ్చుకోకపోతే స్నేహం పోతుంది.

పియానో ఆయన ఊరుకోలేదు. "తిట్టినంత మాత్రాన నిజం చెప్పినట్టా?" అన్నాడు. 1961లో డౌన్ బీట్ పత్రిక విమర్శకుడు ఒకాయన జాన్ కోల్ట్రేన్, ఎరిక్ డాల్ఫీ వాయించేది జాజ్‌కి వ్యతిరేకమని రాశాడు. 1962 ఏప్రిల్‌లో అదే పత్రిక వాళ్ళిద్దరి సమాధానం అచ్చువేయవలసి వచ్చింది. ఇవాళ కోల్ట్రేన్‌ని కొలవని దేశం లేదు. ముసలాయన తల ఊపాడు. "ఆయన తప్పు విని ఉండవచ్చు. విన్నదే రాశాడు. సమాధానం చెప్పడానికి వీలైన మాట రాశాడు."

శాక్సఫోన్ ఆవిడ ఆయన వైపు తిరిగింది. "నా మొదటి రికార్డుకి నువ్వు ఆరు వాక్యాలు రాశావు. అయిదు తిట్లు. ఆరోదాంట్లో నా నాదం నాదేనని రాశావు. ఆ కాగితం ఇంకా నా పెట్టెలో ఉంది. నువ్వు నాకు ధర తగ్గించలేదు కాబట్టే ఆ ఆరో వాక్యాన్ని నమ్మి ఇన్నేళ్ళు వాయించాను" అంది. ముసలాయన గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. పత్రికల్లో సమీక్షలకి చోటు తగ్గిపోయిన రోజులివి. ఇప్పుడు ఆ ఆరు వాక్యాలు కూడా రాసేవాళ్ళు అరుదైపోయారు.

చివరికి ఆవిడే కలం తీసి ఎస్ అక్షరానికి ముందు గుర్తు పెట్టేసింది. అంటే ఒక్క స్నేహితుడికే!

"ఎవరా అదృష్టవంతుడు?" అన్నాడు మా పక్కింటాయన.

"ఇంకా పుట్టలేదు" అంది ఆవిడ. ఈసారి ఆవిడా నవ్వింది.

మీలో చాలామందికి పిల్లలో, మేనల్లుళ్ళో మెల్‌బోర్న్‌లో ఉండే ఉంటారు. వెళ్ళినప్పుడు సముద్రమూ, కంగారూలూ చూడండి, కాదనను. ఒక సాయంకాలం మాత్రం ట్రామెక్కి వెళ్ళి జాజ్ వినండి. తలుపు దగ్గర పూర్తి టిక్కెట్టు కొనుక్కోండి. కచేరీ ఎలా ఉందని వాద్యకారులు అడిగితే, విన్నదే చెప్పండి. స్నేహితుల ధరకి చెప్పకండి.