నివ్వరి నీళ్లలో ఒక వేసవి: ఒడానా పర్యటన

సుపీరియర్ సరస్సు దక్షిణ తీరాన, విస్కాన్సిన్ రాష్ట్రపు ఆష్లాండ్ పట్టణం నుంచి తూర్పుగా రెండో నంబరు రహదారి మీద పది మైళ్లు వెళితే ఒడానా వస్తుంది. అది ఒజిబ్వే ప్రజల్లో బ్యాడ్ రివర్ తెగవారి గ్రామం. ఒడానా అనే పేరుకు ఒజిబ్వే భాషలో 'ఊరు' అనే అర్థం. ఈ ఊరు, దాని చుట్టూ ఉన్న అడవులు, చిత్తడి నేలలు కలిసి బ్యాడ్ రివర్ రిజర్వేషన్ అవుతాయి. తెలుగునాట ఈ మాట వినగానే కాలేజీ సీటో ఉద్యోగమో మనసుకు వస్తుంది గానీ, అమెరికాలో దీనికి 'ఒప్పందం ద్వారా ఒక తెగ తన కోసం నిలుపుకొన్న భూమి' అని అర్థం. ఒజిబ్వే ప్రజలు తమను తాము అనిషినాబే అని పిలుచుకుంటారు. వారి పదకొండు తెగలు ఉమ్మడిగా నడుపుకొనే గ్రేట్ లేక్స్ ఇండియన్ ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ కమిషన్ ప్రధాన కార్యాలయం ఒడానాలోనే ఉంది. వేసవి సెలవుల్లో కాలేజీ విద్యార్థులు ఇక్కడికి ఇంటర్న్‌లుగా వచ్చి జీవశాస్త్రవేత్తల వెంట సరస్సుల మీదికి, సమాచార విభాగం వారి వెంట ఊళ్లలోకి వెళ్తారు. ఈ పర్యటనలో పరిశీలించినది ఆ శిక్షణ స్వభావాన్ని.

శిక్షణకు వచ్చినవారు మొదట తెలుసుకోవలసినది చేపల గురించీ మొక్కల గురించీ కాదు, ఒప్పందాల గురించి. 1836, 1837, 1842, 1854 సంవత్సరాల ఒప్పందాలతో ఒజిబ్వే తెగలు నేటి మిషిగన్, విస్కాన్సిన్, మిన్నెసోటా రాష్ట్రాల్లోని విశాలమైన భూములను అమెరికా ప్రభుత్వానికి వదులుకున్నాయి. అయితే వదులుకున్న ఆ భూముల మీద వేటాడే, చేపలు పట్టే, గింజలూ మూలికలూ సేకరించే హక్కును మాత్రం తమ వద్దే ఉంచుకున్నాయి. భూమి చేతులు మారినా దాని ఫలం మీద నిలిచి ఉండే ఇటువంటి హక్కును న్యాయ పరిభాషలో వాడుక హక్కు అంటారు. విస్కాన్సిన్ రాష్ట్ర ప్రభుత్వం ఈ హక్కును దాదాపు ఒక శతాబ్దం పాటు లెక్కలోకి తీసుకోలేదు. 1974లో లాక్ కోర్ట్ ఒరేల్ తెగకు చెందిన ఇద్దరు సోదరులు రిజర్వేషన్ హద్దు దాటి ఈటెతో చేపను పొడిచి అరెస్టు కావడంతో మొదలైన వివాదం, 1983లో సమాఖ్య అప్పీలు న్యాయస్థానం ఆ హక్కు చెల్లుతుందని చెప్పడంతో ఒక కొలిక్కి వచ్చింది. ఆ మరుసటి సంవత్సరమే ఈ కమిషన్ ఏర్పడింది.

తీర్పు వచ్చింది గానీ శాంతి రాలేదు. 1980ల చివర వసంత రాత్రుల్లో ఒజిబ్వేలు చేపల వేటకు పడవలు దింపే రేవుల వద్ద జనం గుమిగూడి రాళ్లు విసిరారు, జాతి పేరు పెట్టి దూషించారు. తెగలవారు సరస్సులను ఖాళీ చేస్తున్నారన్నది ఆ గుంపుల ఆరోపణ. తెగలు, రాష్ట్రం, సమాఖ్య సంస్థలు కలిసి సరస్సుల్లో చేపలను లెక్కించి 1991లో వెలువరించిన ఉమ్మడి నివేదిక ఈటె వేట వల్ల చేపల సంతతికి హాని జరగలేదని తేల్చింది. ఒడానాలో 'ప్రజలకు చేరువ కావడం' అన్న పనికి పునాది ఇక్కడుంది; తప్పుడు మాటకు ఎదురుగా నిలబడగల లెక్క ఉండాలనీ, ఆ లెక్క కట్టేవారిలో తమవారు ఉండాలనీ తెగలు అనుభవం మీద గ్రహించాయి. తెలుగు ప్రభుత్వ పరిభాషలో ఇటువంటి పనిని 'అవగాహన కల్పించడం' అనడం రివాజు. ఎదుటివారికి ఏమీ తెలియదనే భావన ఆ మాటలోనే దాగి ఉంది కనుక, ఒడానాలో జరిగే పనికి అది ఎంతమాత్రం సరిపడదు.

ఆ పని ఎలా సాగుతుందో మనూమిన్ దగ్గర అన్నింటికన్నా స్పష్టంగా కనిపిస్తుంది. మనూమిన్ అంటే నిస్సారమైన నీళ్లలో విత్తకుండానే మొలిచే ధాన్యం. ఇది వరి కాదు. గడ్డి కుటుంబంలోనే మరో ప్రజాతికి చెందిన మొక్క. అయినా తెలుగులో దీనికి దగ్గరి మాట ఉంది: చెరువుల్లో తనంత తానుగా పండే అడవి వరిని మన పెద్దలు నివ్వరి అన్నారు. నీటి మీద ఆహారం పెరిగే చోటికి చేరేదాకా పడమరకు సాగిపొమ్మని తమ పూర్వులకు ఆదేశం అందిందనీ, ఆ చోటు ఈ సరస్సుల సీమేననీ అనిషినాబేల పరంపరాగత చరిత్ర చెబుతుంది. అందువల్ల ఈ గింజ వారికి తిండి మాత్రమే కాదు, వారు ఇక్కడ ఉండడానికి కారణం కూడా.

బ్యాడ్ రివర్, కకాగన్ నదులు సుపీరియర్ సరస్సులో కలిసే చోట విస్తరించిన చిత్తడి నేలల్లో ఈ పంట అపారంగా పెరుగుతుంది. ఆ నేలలకు 2012లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలలుగా రామ్‌సార్ గుర్తింపు లభించింది. మనూమిన్ ఏకవార్షికం, అంటే ఏటా నిరుడు రాలిన గింజ నుంచే మళ్లీ మొలవాలి. మొలక వసంతంలో బురదలో నుంచి లేచి, జూన్ నాటికి సన్నని పట్టీల వంటి ఆకులను నీటి మీద పరుస్తుంది. వేరు ఇంకా పట్టు చిక్కించుకోని ఈ తేలుడాకు దశలో నీరు హఠాత్తుగా పెరిగితే మొక్క పెళ్లగిలి కొట్టుకుపోతుంది; నీరు మరీ తగ్గినా పడవ కదలదు, పంట అందదు. 2007లో నీటిమట్టం పడిపోయినప్పుడు బ్యాడ్ రివర్ తెగ కోత నిలిపివేసుకోవలసి వచ్చింది. 2016 జూలైలో దీనికి భిన్నంగా కుంభవృష్టి కురిసి ఒడానాయే నీట మునిగింది. విద్యార్థి పడవలో కూర్చుని నీటి లోతు కొలవడం, మొక్కల సాంద్రత లెక్కించడం, యూరప్ నుంచి అలంకారం కోసం వచ్చి చిత్తడి నేలలను ఆక్రమించిన ఊదాపూల లూస్‌స్ట్రైఫ్ మొక్క ఎంతవరకు పాకిందో నమోదు చేయడం చూసేవారికి విసుగు పుట్టించే పనులే కావచ్చు. అయినా పై నష్టాలను ముందుగా పసిగట్టే దారి ఈ లెక్కలు తప్ప వేరే లేదు.

కోత విధానం తెలుగు రైతుకు సగం తెలిసినట్టే ఉంటుంది. ఒకరు గడకర్రతో పడవను నెడుతుంటే మరొకరు ఒక కర్రతో కంకులను పడవ మీదికి వంచి, రెండో కర్రతో మెల్లగా తడతారు. ముదిరిన గింజ పడవలో రాలుతుంది, పాలు పోసుకుంటున్న గింజ కంకికే ఉండిపోతుంది, కొంత నీళ్లలో పడి మరుసటి ఏటి విత్తనమవుతుంది. తర్వాత ఇనుప బానలో వేయించి, మెత్తని తోలు చెప్పులతో తొక్కి పొట్టు వదిలించి, భూర్జ చెట్టు బెరడుతో చేసిన చేటల్లో తూర్పారబడతారు. ఏ సరస్సులో కోత ఎప్పుడు మొదలుకావాలో గింజ ముదురు చూసి నిర్ణయించే పెద్దలు ఉంటారు. వారి తీర్పును కొలతకు తక్కువగా చూడకపోవడం ఇక్కడి శిక్షణలో ఒక భాగం. ఎవరి దగ్గరనైనా విషయం తెలుసుకోదలచినప్పుడు ముందుగా పొగాకు సమర్పించి అడగడం అనిషినాబే మర్యాద కనుక, విద్యార్థి ప్రశ్నావళి కన్నా ముందు ఆ మర్యాద నేర్చుకోవాలి. కమిషన్ 2023లో వెలువరించిన వాతావరణ మార్పుల అంచనా కూడా ఈ పద్ధతినే పాటించింది. అందులో మొక్కలనూ జంతువులనూ 'వనరులు' అనకుండా 'జీవులు' అనే పేర్కొన్నారు. పెద్దల మాటనూ శాస్త్ర గణనలనూ పక్కపక్కనే ఉంచి, అత్యంత ప్రమాదంలో ఉన్నవాటిలో మనూమిన్‌ను చేర్చారు.

ఇంత కొలిచినా ఆ అంకెలు కార్యాలయ బీరువాలోనే ఉండిపోతే ప్రయోజనం లేదు. ఈ విషయంలో కమిషన్ తయారుచేసే పాదరసం పటాలు ఎక్కడి సంస్థకైనా ఆదర్శమనదగినవి. బొగ్గు మండించినప్పుడు గాలిలో కలిసే పాదరసం వానతో సరస్సుల్లోకి దిగి, అక్కడి బ్యాక్టీరియా వల్ల మిథైల్ మెర్క్యురీ అనే విషంగా మారి, చిన్న చేప నుంచి పెద్ద చేపకు చేరుతూ ఒజిబ్వేలు ఓగా అని పిలిచే వాలై చేప కండలో పేరుకుంటుంది. కమిషన్ ఒక్కో సరస్సు చేపలను పరీక్షించి, ఫలితాలను రంగులు వేసిన పటాలుగా ముద్రించి పంచుతుంది. గర్భిణులు, పిల్లలను కనే వయసులోని స్త్రీలు, పదిహేనేళ్ల లోపు పిల్లలకు ఒక పటం, మిగిలినవారికి వేరొక పటం ఉంటాయి. ఏ సరస్సు చేపను నెలలో ఎన్నిసార్లు తినవచ్చో రంగు చూసి చెప్పవచ్చు. చేప తినవద్దని భయపెట్టి ఊరుకుంటే హక్కు పత్రాల మీదే మిగిలి పళ్లెం ఖాళీ అవుతుంది. ఏ నీటి చేప, ఎంత పరిమాణంలో, ఎవరికి క్షేమమో చెప్పడం వల్ల హక్కూ ఆరోగ్యమూ రెండూ నిలుస్తాయి. నీటి మీద తమ అధికారాన్ని కూడా తెగ ఇటువంటి పట్టుదలతోనే సాధించుకుంది: బ్యాడ్ రివర్ తెగ తన జలాలకు రూపొందించుకున్న నాణ్యతా ప్రమాణాలను 2011లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఆమోదించింది. 1953లో రిజర్వేషన్ గుండా వేసిన చమురు గొట్టపు మార్గాన్ని తొలగించాలని తెగ 2019లో దావా వేయగా, 2023లో న్యాయస్థానం దానిని రిజర్వేషన్ మీద మూడేళ్లలోగా ఆపివేయాలని ఆదేశించింది.

ఈ శిక్షణలో ఒక లోటు కనిపిస్తుంది. అది ఎవరి తప్పూ కాదు. కాలేజీలు ఆగస్టు చివరికల్లా తెరుచుకుంటాయి, మనూమిన్ మాత్రం ఆగస్టు చివర నుంచి సెప్టెంబరు వరకు ముదురుతుంది. జూన్‌లో తేలుడాకునూ, జూలైలో నీటిపైకి లేచిన కాండాన్నీ, ఆగస్టులో పూతనూ చూసిన విద్యార్థి తాను లెక్కించిన మడిలో గింజ రాలే చప్పుడు వినకుండానే వెళ్లిపోతాడు. అతడు నింపిన లోతుల పట్టికలు ఒడానాలో ఉంటాయి. మరుసటి జూన్‌లో ఆకులు నీటి మీద పరచుకునే వేళకు వాటిని పట్టుకుని అదే మడికి మరో విద్యార్థి పడవలో వెళ్తాడు.