బారసాలకు యాభై ఏళ్లు!

ఇంట్లో పాపాయి పుడితే ఇరవై ఒకటో రోజున బారసాల చేసి పేరు పెట్టుకుంటాం. ఓ బుల్లి పురుగుకి మాత్రం ఆ ముచ్చట తీరడానికి యాభై ఏళ్లకు పైనే పట్టింది. ఆ బారసాల జరిగిన ఇల్లు చూడాలంటే లండన్ వెళ్లాలి.

సౌత్ కెన్సింగ్టన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియాన్ని 1881లో తెరిచారు. గుడి మండపంలాంటి పెద్ద హాల్లో నిలబడి తలెత్తితే... పాతిక మీటర్ల నీలి తిమింగలం అస్థిపంజరం! 2017 నుంచీ అక్కడ వేలాడుతోంది. పిల్లల కేరింతలూ పెద్దల ఫొటోలూ అన్నీ దాని కిందే.

కానీ ఈ మ్యూజియం సంపదలో చాలాభాగం సందర్శకుల కంటపడదు. 8 కోట్ల దాకా ఉన్న నమూనాల్లో ఎక్కువవాటిని పరిశోధకుల కోసం లోపల భద్రంగా దాచారు. మన పురుగు ఉన్నదీ అక్కడే.

దాని పుట్టిల్లు కెన్యా. 1964-65లో విలియం బ్లాక్ అనే శాస్త్రవేత్త తూర్పు ఆఫ్రికాలో మట్టినీ రాలిన ఆకుల్నీ సేకరించినప్పుడు వాటితోపాటు వచ్చింది. ఆ సేకరణ 1978లో మ్యూజియానికి చేరింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు మైకేల్ డార్బీ ఆ నమూనాల్ని పరిశీలిస్తూ దీన్ని గుర్తించారు. పొడవు 0.79 మిల్లీమీటర్లు... అంటే ఆవగింజ కన్నా చిన్నది! లేత పసుపు, బంగారు రంగు ఒళ్లు. కళ్లు లేవు, రెక్కలూ లేవు. అప్పటిదాకా శాస్త్రానికి తెలియని కొత్త పెంకుపురుగు!

2019లో ఆయన దానికి 'నెల్లోప్టోడెస్ గ్రెటే' అని పేరు పెట్టారు. పర్యావరణం కోసం పదిహేనేళ్ల వయసులో బడి మానేసి స్వీడన్ పార్లమెంటు ముందు కూర్చున్న గ్రెటా థన్‌బర్గ్ పేరు అది. చిత్రమేంటంటే, పురుగు దొరికిన దాదాపు నలభై ఏళ్లకుగానీ గ్రెటా పుట్టలేదు. పురుగు పొడవాటి మీసాలు ఆమె రెండు జడల్ని గుర్తుచేస్తాయి కూడా!

ఇంత చిన్న ప్రాణికి పేరెందుకూ అనిపించొచ్చు. పేరు లేకపోతే అది ఏ లెక్కలోకీ రాదు. అడవి కొట్టేశాక ఉందా పోయిందా అని అడిగే దిక్కూ ఉండదు. ఎన్నో జీవులు అలా మనకు తెలియకుండానే కనుమరుగైపోతున్నాయి. ఇది అదృష్టం చేసుకుంది కాబట్టి పేరైనా దక్కింది.

లండన్ వెళితే తిమింగలంతో ఫొటో దిగండి. లోపల ఇంకా పేరు పెట్టించుకోని చిన్నప్రాణుల్నీ ఓసారి తలచుకోండి. వెళ్లకపోయినా ఫర్వాలేదు... పెరట్లో రాలిన ఆకులు ఊడ్చేటప్పుడు తలచుకున్నా చాలు!